నజీబా చూసిన పచ్చి కణాలు

ఆ రిపోర్టు కింద సంతకం నాది. నజీబా గురించి చెప్పాలంటే ముందు ఆ మాట ఒప్పుకోక తప్పదు.

ట్యునిస్‌కి దక్షిణాన, స్ఫాక్స్ రేవు పట్నంలో మా ఆసుపత్రి మూడో అంతస్తులో రక్తకణాల ల్యాబ్ ఉంది. నేను డాక్టరుగా అక్కడ చేరేనాటికే నజీబా ఇరవై మూడేళ్లుగా టెక్నీషియన్. కెర్కెన్నా దీవుల మనిషి. తండ్రి మట్టికుండలు సముద్రంలోకి దించి ఆక్టోపస్‌లు పట్టేవాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. శనివారం మధ్యాహ్నం పడవెక్కి తల్లి దగ్గరికి పోయేది. సోమవారం ఉదయం ఎండు ఆక్టోపస్ వేసి కాచిన బార్లీ జావ డబ్బాతో తిరిగొచ్చేది. ఆ వాసనకి మా ప్రొఫెసర్ హష్మీ ముక్కు మూసుకుంటే, "సముద్రం ఒడ్డున పుట్టి సముద్రం వాసన పడదంటారేం సార్? మీ అమ్మగారు మిమ్మల్ని పారిస్‌లో కన్నారా?" అనేది.

ఆమెకి కోపం ఎక్కువని ఆసుపత్రి అంతా చెప్పుకునేవారు. నిజమే. ట్యూబు మీద పేరు రాయకుండా రక్తం పంపితే ఆ ట్యూబు పట్టుకుని మెట్లు దిగి వార్డుకే వెళ్లేది. "ఎవరిదమ్మా ఈ రక్తం? గాలికి కొట్టుకొచ్చిందా? దీనికి అమ్మా నాన్నా లేరా?" అని అందరి ముందు కడిగేసేది. నర్సులు ఆమె అడుగుల చప్పుడు విని పక్కగదిలోకి తప్పుకునేవారు. కానీ సూదికి నరం దొరకని పసిబిడ్డ చెయ్యి ఎవరికైనా ఎదురైతే, కబురు పెట్టేది నజీబాకే.

ఆమెకి పని నేర్పింది అంతకుముందు ల్యాబ్‌లో ఉన్న ఒక పెద్ద డాక్టరమ్మ. నేను చేరకముందే పోయింది. గుండె ఆపరేషన్ చేసేటప్పుడు పసిపిల్లల రొమ్ముటెముక వెనకాల ఉన్న థైమస్ గ్రంథి అడ్డొస్తుంది. సర్జన్లు అందులో కొంత ముక్క తీసేస్తారు. పారేసే ఆ ముక్కల్ని ఆవిడ అడిగి తెప్పించుకునేది. రోగాలతో పోరాడే టి-కణాలు పెరిగి పండేది అందులోనే. కణం ఒంటి మీద బయటి సంగతి పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. వాటికి చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. కణం పచ్చిగా ఉన్నన్నాళ్లూ ఆ గొలుసు చివర బోసిగా ఉంటుంది. పండాక ఆ చివరన ఇంకో రకం చక్కెర టోపీలా ఎక్కుతుంది. టోపీ ఎక్కిందో లేదో చెప్పేది వేరుశనగ. ఆ గింజలో ఉండే ఒక ప్రోటీన్ బోసి చివరని గట్టిగా పట్టుకుంటుంది, టోపీ ఉన్నదాన్ని వదిలేస్తుంది. దానికి మెరిసే రంగు కట్టి కణాల మీద పోస్తే పచ్చివి వెలుగుతాయి, పండినవి చీకటిగా ఉండిపోతాయి. నజీబా ఈ పరీక్ష నేర్చుకుంది ఆ థైమస్ ముక్కల మీదే.

విదేశం నుంచి ఆ ప్రోటీన్ రావడం ఆగిపోయాక నజీబా తనే తయారు చేయడం మొదలుపెట్టింది. బాబ్ జెబ్లీ బజారుకి పోయి పచ్చి వేరుశనగలు ఏరేది. "వేయించినవి కలిపావంటే చూడు, నీ తక్కెడ నీ నెత్తి మీదే బోర్లిస్తా" అని కొట్టువాణ్ణి బెదిరించేది. వాటిని నానబెట్టి, నూరి, వడగట్టి, చల్లగదిలో రెండు రోజులు కూర్చుని ఆ ప్రోటీన్ తీసేది. అది మేం అంతకుముందు వాడిన ఏ విదేశీ సీసాకీ తీసిపోదు. నేను స్వయంగా పోల్చి చూశాను.

రెండువేల నాలుగు శీతాకాలంలో అయ్యూబ్ అనే ఏడు నెలల పిల్లవాణ్ణి తెచ్చారు. రెదేఫ్ గనుల ఊరి నుంచి. తండ్రి తిజానీ ఫాస్ఫేటు గనిలో పని చేస్తాడు, తల్లి ఎంబార్కా. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు; అంత దగ్గరి పెళ్లిళ్లలో కొన్ని రోగాలు ఒక బిడ్డ తర్వాత ఇంకో బిడ్డకి వస్తుంటాయి. పిల్లవాడికి నోరంతా తెల్లటి పూత, ఆగని విరేచనాలు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా చోట చంకలో గడ్డ. వీడికంటే ముందు ఒక ఆడపిల్ల అయిదు నెలలకే ఇంట్లో పోయింది. పెద్దపిల్ల హనీన్ మాత్రం గుర్రంలా ఉంది, ఆరేళ్లు.

టి-కణాలు ఉన్నాయో లేదో చూడమని రక్తం మాకు వచ్చింది. యంత్రం లెక్క పెట్టింది. ఆ వయసుకి ఉండాల్సినన్ని ఉన్నాయి. "సంఖ్య సాధారణం" అని రాసి నేను సంతకం పెట్టాను.

నజీబా మిగిలిన రక్తం పారేయలేదు. కణాల్ని రెచ్చగొట్టే మందు వేసి చూసింది. అవి మందంగా కదిలాయి. అనుమానం వచ్చి వేరుశనగ రంగు పోసింది. రక్తంలో తిరిగే టి-కణాలు చీకటిగా ఉండాలి. అయ్యూబ్‌వి వందకు తొంభై ఒకటి వెలిగాయి.

కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "చూడు పిల్లా, ఇవి పచ్చివి. థైమస్‌లోంచి టోపీ లేకుండానే బయటపడ్డాయి. లెక్కకి ఉన్నాయంతే, పనికి లేవు."

ఇద్దరం ప్రొఫెసర్ గదికి వెళ్లాం. ఆయన కళ్లజోడు పైకెత్తి గ్రాఫు చూశారు.

"పిల్లాడికి నెమ్ముంది కదా నజీబా. పోరాటంలో ఉన్న కణాలు ఆ టోపీ పోగొట్టుకుంటాయి. పైగా కొన్ని బ్యాక్టీరియాలు ఆ చక్కెరని కొరికి తింటాయి. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే."

"ఉంది సార్, నేనూ చదివాను. అందుకే అడుగుతున్నా. నెమ్ము తగ్గాక ఇంకోసారి రక్తం తీయిద్దాం. అందాకా వాణ్ణి ఇంటికి పంపొద్దు."

"మంచాలెక్కడున్నాయి? వరండాలో ఇద్దరేసి పడుకుంటున్నారు."

"నా మంచం తెచ్చి వేస్తాను."

ఆయన నవ్వారు. "చూడమ్మా, స్టేడియం బయట పొట్లాలు కట్టి అమ్మే పల్లీలతో మనం రోగాలు తేలుస్తున్నామని బయట తెలిస్తే పరువు పోతుంది. నీ పని నువ్వు బాగా చేస్తావు. నిర్ధారణ మాకు వదిలెయ్."

ఆమె ముఖం ఎర్రబడింది. నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. రిపోర్టులో ఒక్క ముక్క చేర్చు. కణాలు పచ్చిగా కనిపిస్తున్నాయి, మళ్ళీ చూడాలి అని. ఒక్క వాక్యం."

ప్రొఫెసర్ చెప్పింది తప్పు కాదని నేను నాకు నచ్చజెప్పుకున్నాను. నేను చేరి ఏడాదిన్నరే అయింది. ఏమీ మాట్లాడలేదు.

"నోట్లో ఖర్జూరం గింజ అడ్డం పడిందా?" అని అడిగి నజీబా బయటికి వెళ్లిపోయింది. ల్యాబ్ పుస్తకంలో ఆ రోజు పేజీ మీద సిరాతో రాసింది: అయ్యూబ్, వేరుశనగ పరీక్ష, తొంభై ఒకటి. తర్వాతెప్పుడో ప్రొఫెసర్ అది కొట్టేయమంటే, "కొట్టేయాలంటే ముందు నా చెయ్యి కొట్టేయండి" అంది.

నాలుగో రోజున పిల్లవాడికి జ్వరం తగ్గింది. ఇంటికి పంపేశారు.

తొమ్మిది వారాల తర్వాత మళ్ళీ తెచ్చారు. బీసీజీ టీకాలో ఉండేది బలహీనపరిచిన సూక్ష్మజీవే, మామూలు పిల్లల్ని ఏమీ చేయదు. అయ్యూబ్ ఒంట్లో అది చంక నుంచి కాలేయానికి, ఎముకలకి పాకింది. ఆరు రోజులున్నాడు. చివరి రోజున మూడు మందులు ఎక్కుతున్నాయి, ఒక్కటీ పని చేయలేదు.

ఎంబార్కా ఏడవలేదు. మా నలభై పేజీల ఫైలు చంకలో పెట్టుకుని మూడో అంతస్తుకి వచ్చింది. ఎవరో దారి చూపించినట్టున్నారు. ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి నా కాగితం తీసింది.

"ఇది రాసిందెవరు?"

"నేనే" అన్నాను.

"నాకు ఫ్రెంచి రాదు. ఏం రాశావో చదువు."

చదివాను. సంఖ్య సాధారణం.

"సాధారణం అంటే బాగుందనేగా?"

"సంఖ్య వరకు..."

"బాగుందన్న పిల్లాణ్ణి రేపు పూడ్చిపెడుతున్నా. నువ్వు బాగాలేదని రాస్తే ఏం పోయేది? నీ కలం అరిగిపోయేదా?" కాగితం నా మీదకి విసిరింది. అది నా తెల్లకోటుకి తగిలి కింద పడింది. గదిలో ఎవరూ వంగి తీయలేదు.

నజీబా లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. ఏదో చెప్పబోయింది. "నువ్వూ వీళ్ల మనిషివేగా" అని ఎంబార్కా ఆమె చెయ్యి విదిలించి మెట్లు దిగిపోయింది.

ఆ రోజు నుంచి నజీబా నన్ను 'పిల్లా' అనడం మానేసింది. 'డాక్టర్ విదాద్ గారూ' అనేది. "డాక్టర్ విదాద్ గారూ, మీ నమూనాలు వచ్చాయి." "డాక్టర్ విదాద్ గారూ, యంత్రం ఖాళీ అయింది." అంత మర్యాద నేను జీవితంలో ఇంకెక్కడా భరించలేదు. ప్రొఫెసర్‌కి ఉత్తరం రాసింది, పాలనాధికారికి రాసింది. టెక్నీషియన్లు తమ పరిధిలో ఉండాలని సమాధానం వచ్చింది. దాన్ని చల్లగది తలుపుకి అంటించి, ఎవరు అడిగినా పైకి చదివి వినిపించేది.

తర్వాతి ఏడాది శరత్కాలంలో పిల్లల వార్డు నర్సు ఒకామె, రెదేఫ్ దగ్గరి గఫ్సా వైపు మనిషి, ఎంబార్కా మళ్ళీ కడుపుతో ఉందని చెప్పింది. నజీబా రెండు రోజులు సెలవు పెట్టి అద్దె టాక్సీలో రెదేఫ్ వెళ్లింది. అక్కడ జరిగింది నాకు చెప్పింది ఎంబార్కాయే, చాలా రోజుల తర్వాత.

తలుపు తీసింది అత్తగారు. "ఎవరు కావాలి?"

"స్ఫాక్స్ ఆసుపత్రి నుంచి వచ్చాను పెద్దమ్మా. మీ కోడలితో మాట్లాడాలి."

"మాట్లాడ్డానికేముంది? దాని పాలలో విషం ఉంది. ఒక్క మనవణ్ణి కూడా మిగల్చలేదు."

"పాలలో విషం ఉంటే హనీన్ ఎలా బతికింది? అదేమైనా మేకపాలు తాగిందా?"

ఎంబార్కా లోపల్నుంచి తొంగిచూసి, ల్యాబ్‌లో చూసిన మనిషేనని గుర్తుపట్టింది. పొట్ట పట్టుకుని ఎదురొచ్చింది. "మళ్ళీ రక్తం కావాల్సొచ్చిందా? అయ్యూబ్ రక్తం చాలలేదా మీకు?"

"చాలలేదు. అరుస్తావా? అరుచుకో. నేనూ అరుస్తాను. నీకంటే పెద్ద గొంతు నాది" అంది నజీబా. "మీ అయ్యూబ్‌కి బాగాలేదని నాకు ముందే తెలుసు. చెప్పాను. ఎవడూ వినలేదు. ఏడాదిగా అన్నం సయించడం లేదు నాకు. ఇప్పుడు నీ కాళ్లు పట్టుకుందామని రాలేదు. నువ్వు నాతో కలిసి వాళ్ల మీద అరవాలని వచ్చాను."

వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకొచ్చారు. ఎంబార్కా చాలాసేపు తిట్టింది. ఆసుపత్రిని, గనిని, తీరంవాళ్లందరినీ, చచ్చినా ఎవరికీ గుర్తుకురాని తన ఊరిని. నజీబా ఎక్కడా అడ్డు చెప్పలేదు. ఇద్దరూ అలిసిపోయాక అరుగు మీద కూర్చున్నారు. అత్తగారు కోపంగానే టీ తెచ్చి నేల మీద పెట్టింది.

అప్పుడు నజీబా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. "కాన్పు స్ఫాక్స్‌లోనే. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులోంచి రక్తం నేను తీసుకుంటా. అప్పటికి బిడ్డ ఏ రోగమూ చూసి ఉండదు, ఏ పురుగూ కుట్టి ఉండదు. అప్పుడు కూడా కణాలు పచ్చిగా ఉంటే, నెమ్ము వల్ల అని ఎవడూ అనలేడు. నేను చెప్పేదాకా బీసీజీ వేయనివ్వకు. సూది పట్టుకుని ఎవరొచ్చినా కరిచెయ్."

"బిడ్డ బాగుంటే?"

"బాగుంటే నాకు నాలుగు తిట్లు ఎక్కువ తిట్టి ఇంటికి పో."

మార్చిలో, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆడపిల్ల పుట్టింది. యుస్రా అని పేరు పెట్టారు. అదే పూట పుట్టిన మరో ఇద్దరు పిల్లల బొడ్డుతాడు రక్తం కూడా నజీబా తెచ్చింది, పోల్చడానికి. టీకా నర్సు ట్రే పట్టుకుని రాగానే ఎంబార్కా బిడ్డని దుప్పట్లో చుట్టేసి గోడవైపు తిరిగి పడుకుందట. ఆ నర్సు పైకొచ్చి ఫిర్యాదు చేస్తే నేను దిగి వెళ్లి, వేయొద్దని కేసు కాగితం మీద రాసిచ్చాను.

ఆ మూడు నమూనాలూ నజీబా, నేనూ కలిసే యంత్రంలో పెట్టాం. మొదటి ఇద్దరు పిల్లల కణాలు గ్రాఫులో ఎడమవైపు, చీకట్లో కుప్పగా నిలిచాయి. యుస్రావి కుడి చివరికి వెళ్లాయి. వెలుగుతున్నాయి, దాదాపు అన్నీ. నజీబా మూడుసార్లు చేసింది. రంగు మార్చి ఒకసారి, విదేశీ సీసాలో అడుగున మిగిలిన చుక్కతో ఇంకోసారి. చివరిసారీ అదే వచ్చాక గ్రాఫు కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఆమె ముఖంలో సంతోషం లేదు. ఆ ఉదయమే పుట్టిన బిడ్డ గురించి తను భయపడిందే నిజమైంది.

రిపోర్టు నేను రాశాను. సంఖ్య సాధారణం, కణాలు అపక్వం, గ్రాహకాల మీద చక్కెర టోపీ లేదు, బిడ్డ అన్న అయ్యూబ్ పరీక్షలో కూడా ఇదే కనిపించింది, అప్పుడు పట్టించుకోలేదు. చివరి ముక్క తీసేయమని ప్రొఫెసర్ అన్నారు. తీయలేదు.

ఆయన చెడ్డవాడని చెప్పను. గ్రాఫుని చాలాసేపు చూశారు. వెంటనే బిడ్డని వేరే గదిలో పెట్టించారు, ట్యునిస్‌లో ఎముక మూలుగు మార్పిడి చేసే వైద్యులకి తనే ఫోన్ చేశారు, అంబులెన్సు కోసం అధికారితో పోట్లాడారు. కానీ ఆ సాయంత్రం ల్యాబ్‌కొచ్చి, అందరి ముందు, "మనం చాలా పెద్ద విషయం పట్టుకున్నాం" అన్నారు.

నజీబా చేతిలోని ట్యూబుల స్టాండు బల్ల మీద పెట్టింది. "మనమా?"

"అంటే... మన ల్యాబ్."

"అయితే అయ్యూబ్‌ని చంపింది కూడా మన ల్యాబే సార్. అది కూడా మనమే. రెండూ కలిపి చెప్పండి. ఒకటి జేబులో వేసుకుని ఒకటి చెత్తబుట్టలో వేస్తే ఊరుకోను."

"నజీబా, నోరు అదుపులో పెట్టుకో."

"ఏడాది పాటు పెట్టుకున్నాను. ఒక పిల్లాడు పోయాడు. ఇంక పెట్టుకోను."

ఆయన తలుపు వేసుకుని వెళ్లిపోయారు. నజీబా స్టాండు తీసుకుని మళ్ళీ పనిలో పడింది.

హనీన్ మూలుగు చెల్లెలికి సరిపోయింది. యుస్రా ట్యునిస్‌లో ఏడు నెలలుంది. మార్పిడి తర్వాత మొదటి వారాల్లో రెండుసార్లు చేజారబోయింది. వాడిన మందుల్లో ఒకదాని వల్ల కుడిచెవి వినికిడి పోయింది. అయిదో నెలలో రక్తం మాకు పంపారు. వేరుశనగ రంగు పోస్తే కణాలు చీకటిగా నిలిచాయి. అక్క మూలుగులోంచి వచ్చి, చెల్లెలి థైమస్‌లో పండి, టోపీలతో బయటికొచ్చిన కణాలు. ఆ కాగితం ఎంబార్కాకి ఇస్తూ నజీబా అరబీలో తన చేత్తో రాసిచ్చింది. "ఇది నువ్వే చదువుకో. ఎవర్నీ అడగక్కర్లేదు."

తర్వాతి ఏడాది ఒక వైద్య సమావేశంలో ప్రొఫెసర్ ఈ కేసు చెప్పారు. నా పేరు రెండోది. నజీబా పేరు తెర మీద చూపిన చివరి స్లైడులో, చిన్న అక్షరాల్లో, 'సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు' కింద ఉంది. అయ్యూబ్ పరీక్ష తేదీ ఎక్కడా లేదు. నేను అభ్యంతరం చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. గట్టిగా చెప్పడం నాకు ఎప్పుడూ రాలేదు.

నజీబా ఆ స్లైడు చూసి, "పేరు నాకెందుకు? తేదీ పెట్టమనండి" అంది. పెట్టలేదు. అప్పుడామె ఇంకో పని మొదలుపెట్టింది. ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఇంతకుముందు పసిబిడ్డ పోయిన తల్లి అయితే, రక్తపరీక్ష వచ్చేదాకా బీసీజీ ఆపండి. దాన్ని కాన్పుల వార్డు గోడకి అంటించింది. పాలనావాళ్లు చింపేశారు. మర్నాడు మళ్ళీ అంటించింది. ఇలా ఎన్నిసార్లో నాకు గుర్తు లేదు. ఒకసారి భద్రతాసిబ్బందిలో ఒకతను చింపబోతే, "మీ ఆవిడకి ఎన్నో నెల?" అని అడిగింది. అతను చెయ్యి దించేసి వెళ్లిపోయాడు. రెండేళ్లకి పిల్లల వార్డు కొత్త అధిపతి దాన్ని అచ్చు వేయించి, ముద్ర కొట్టించి, అద్దం వెనక పెట్టించాడు. ఆ పద్ధతి వల్ల ఇలాంటి జబ్బున్న మరో ఇద్దరు పిల్లలు దొరికారు. ఇద్దరిలో ఒకరే బతికారు.

ఆమె పదవీ విరమణ రోజున ల్యాబ్‌లో టీ, బాదం మిఠాయిలు పెట్టారు. ప్రొఫెసర్ మాట్లాడారు. ముప్పయ్యేళ్లు ఓపికతో సేవ చేసిన మనిషి అన్నారు.

"ఓపికా?" అంది నజీబా, మిఠాయి నమలడం ఆపి. "నాకు ఓపిక ఎక్కడుంది సార్? మీరందరూ ఓపిక పట్టారు. నెమ్ము తగ్గేదాకా కూడా ఆగలేదు గానీ, పిల్లాడు పోయేదాకా మాత్రం చక్కగా ఓపిక పట్టారు."

ఆమె కప్పు కింద పెట్టి, తన పెట్టె తీసుకుని, పడవ వేళైందని వెళ్లిపోయింది.

కిందటి వేసవిలో కెర్కెన్నా వెళ్లి కలిశాను. తల్లి పోయింది, నజీబా ఒక్కతే ఉంటోంది. పెరట్లో తాడు మీద ఆక్టోపస్‌లు ఆరేసి ఉన్నాయి. యుస్రా బడిలో లెక్కల్లో మొదటిదని, ఎంబార్కా ప్రతి పండక్కీ ఫోన్ చేస్తుందని చెప్పింది. నేను ఏదో ఓదార్పు మాట అందామని, "ఒక ప్రాణమైతే దక్కించావు కదా" అన్నాను.

ఆమె నావైపు గిర్రున తిరిగింది. ఆరుపదులు దాటినా ఆ చూపు అదే. "దక్కిన ప్రాణం సంగతి అందరూ చెప్తారు. నన్ను ఇంటర్వ్యూ చేయడానికి ఒక రేడియో అమ్మాయి వచ్చింది, అదీ అదే అడిగింది. పోయినవాడికి ఇప్పుడు పదకొండేళ్లుండేవి డాక్టర్ గారూ. వాడి గురించి అడగడానికి ఎవరూ పడవెక్కి రారు."

తర్వాత ఆక్టోపస్‌ల మీద వాలుతున్న ఈగల్ని తోలడానికి లేచి, విసనకర్ర ఇంకొకటి నా చేతికిచ్చింది.